కుంచం నుంచి సోలకి: కోసలరాజు పసేనది

ధమ్మ పుస్తకాలు చదివే అలవాటున్న మీకు పసేనది పేరు కొత్త కాదు. సంస్కృతంలో ప్రసేనజిత్తు అంటారు. కోసల దేశానికి రాజు. రాజధాని సావత్థి, మనవాళ్ళు శ్రావస్తి అంటారే, అదే. సంయుత్త నికాయంలో ఒక అధ్యాయమంతా ఈయన చుట్టూనే నడుస్తుంది, 25 సుత్తాలు. బుద్ధుడి కాలంలో ఇంకా చాలామంది రాజులున్నారు గానీ, మనకి ఇంత దగ్గరగా తెలిసిన రాజు ఇంకొకరు లేరు. ఆడపిల్ల పుట్టిందని మొహం ముడుచుకున్నాడు. 120 ఏళ్ళ అవ్వ చనిపోతే, ఆమె బతుకుతుందంటే మేలుజాతి ఏనుగునైనా ఇచ్చేవాణ్ణే అని భగవానుడి దగ్గర కూర్చుని బాధపడ్డాడు. ఇవన్నీ దాచకుండా మనదాకా తెచ్చారు పెద్దలు. తిండి సంగతి కూడా దాచలేదు. పసేనది లావు మనిషి. తిన్నాక ఊపిరి అందనంత లావు. ఆ లావు ఎలా తగ్గింది, తగ్గినది ఎలా నిలిచింది అన్నదాని కోసమే ఈసారి ఆయన జీవితాన్ని మీ ముందు పెడుతున్నాం.

పసేనది మహాకోసలుడి కొడుకు. చిన్నతనంలో చదువుకి తక్కసిలకి, అంటే తక్షశిలకి పంపారు. అక్కడ ఆయనతో చదివినవాళ్ళలో ఇద్దరి పేర్లు అట్ఠకథల్లో కనిపిస్తాయి: లిచ్ఛవుల మహాలి, మల్లుల బంధులుడు. బంధులుడి పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తాడు. చదువు ముగించుకుని వచ్చిన కొడుకు నేర్పు చూసి తండ్రి రాజ్యం అప్పజెప్పాడు. పసేనది తోబుట్టువుని మగధరాజు బింబిసారుడికిచ్చి పెళ్ళి చేశారు. ఆవిడ స్నానపు ఖర్చుల కింద కాశీ దేశంలో ఒక ఊరు రాసిచ్చారు. ఆ ఊరు తర్వాత పెద్ద గొడవే తెచ్చింది.

వయసులో బుద్ధుడూ ఈయనా ఒక ఈడువాళ్ళు. తొలిసారి కలిసినప్పుడు పసేనదికి గురి కుదరలేదు. పేరుమోసిన పెద్ద గురువులే తమకి సంబోధి కలిగిందని చెప్పుకోవడం లేదే, వయసులో చిన్నవాడు, ఈయన ఎలా చెబుతున్నాడని అడిగేశాడు. చిన్నవి కదా అని తేలిగ్గా చూడకూడనివి నాలుగున్నాయని భగవానుడు చెప్పాడు: రాజకుమారుడు, పాము, నిప్పు, భిక్షువు. ఆ రోజు నుంచి పసేనది ఉపాసకుడు. ఉపాసకుడైనంత మాత్రాన అలవాట్లు మారిపోలేదు. మారి ఉంటే ఈ కథే లేదు. ఒకసారి పీడకల వచ్చిందని భయపడి, వందల ఎద్దుల్నీ మేకల్నీ పొట్టేళ్ళనీ యజ్ఞస్తంభాలకి కట్టించాడు. మల్లికాదేవి పట్టుబట్టి భగవానుడి దగ్గరికి తీసుకెళితే గానీ వాటి తాళ్ళు విప్పించలేదు. మల్లిక పూలదండలు కట్టేవాళ్ళ ఇంటి పిల్ల. తన కోసం మూటకట్టుకున్న కుమ్మాసపు ముద్దలు, మన సంకటి లాంటివి, దారిలో ఎదురైన బుద్ధుడి పాత్రలో వేసింది. ఆ రోజే యుద్ధంలో ఓడి తిరిగొస్తున్న రాజు ఆమె ఉన్న తోటలో ఆగాడు. అలా రాణి అయింది.

ఇక తిండి దగ్గరికి వద్దాం.

సుత్తంలో వాడిన మాట దోణపాకం. దోణ అంటే ద్రోణం, ధాన్యం కొలిచే కొలత. పూటకి ఒక దోణం బియ్యం వండిన అన్నం, దానికి తగ్గ పులుసులూ కూరలూ. పాత కొలతల్లో దోణంలో పదహారో వంతు నాళి. మన కొలతల్లో కుంచంలో పదహారో వంతు సోల. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. లెక్క వేసుకోండి, పదహారే వస్తుంది. ఆ దోణమూ మన కుంచమూ ఒకే పరిమాణమని కాదు, వంతులు అవేనని. ఒక్క మనిషికి కుంచం బియ్యం వండడమంటే మన ఇళ్ళల్లో నవ్విపోతారు. రాజుగారి పళ్ళెం కదా, చెప్పేవాళ్ళు కాస్త చెయ్యి జారవిడిచారనుకున్నా, తినడంలో హద్దు లేని మనిషన్నది మాత్రం ఖాయం.

ఒకరోజు అలా భోంచేసి నేరుగా జేతవనానికి వెళ్ళాడు. నమస్కారం చేసి ఓ పక్కన కూర్చున్నాడు. ఆయాసంతో రొప్పుతున్నాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి, ఒళ్ళు అటూ ఇటూ తూలుతోంది. భగవానుడి ఎదుట పడుకోలేడు, కూర్చోనూలేడు. కాస్త విశ్రాంతి తీసుకుని రాకపోయారా అని ఆయన అడిగితే, తిన్నప్పుడల్లా తనకి ఇదే బాధ అని ఒప్పుకున్నాడు.

ఇది మీరెరగని దృశ్యమేం కాదు. తాడేపల్లిగూడెంలో పెళ్ళికెళ్ళండి, ఏలూరులో గృహప్రవేశానికెళ్ళండి, ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకి కొల్లేటికోటలో చుట్టాలింటికెళ్ళండి. భోజనాలయ్యాక అరుగు మీదా కుర్చీల్లోనూ పసేనదులు కనిపిస్తారు. కొసరి కొసరి వడ్డించడం మన వైపు మర్యాద. వద్దంటే వడ్డించేవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తారు. తాటిదోనె మీద గెడ వేసుకుంటూ పొద్దస్తమానం వలలు లాగిన తాతకి ఆ తిండి సరిపోయేది. చేపల చెరువు గట్టు మీదకి బండి మీద వెళ్ళి, మేత వేయించి, తిరిగొచ్చి కుర్చీలో కూర్చునే మనవడికి కూడా అదే పళ్ళెం, అదే రాశి, అంతే చేపల పులుసు. ఒళ్ళు వంగే పని మాత్రం లేదు.

పొట్ట ముందుకొచ్చాక, మోకాళ్ళు పీకడం మొదలెట్టాక, డాక్టరు రిపోర్టు చూపించి భయపెట్టాక అప్పుడు మేలుకుంటాం. ఒక్కసారిగా అన్నం మానేస్తాం. రసాలంటాం, పొడులంటాం, ఎవరో చెప్పారని పదిహేను రోజులు కడుపు మాడ్చుకుంటాం. నాలుగు కిలోలు తగ్గుతుంది, నిజమే. పెళ్ళిళ్ళ రోజులు రాగానే ఆ నాలుగూ, పైన ఇంకో రెండూ వచ్చి కూర్చుంటాయి. మాడ్చిన ఒళ్ళు తన ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుకుంటుంది, దొరికిన రోజున దాచుకుంటుంది. అది ఒంటి స్వభావం. అప్పుడు మనం ఏమనుకుంటాం? నాకు పట్టుదల లేదనుకుని మనల్ని మనమే తిట్టుకుంటాం. పట్టుదల లేకపోతే పదిహేను రోజులు ఎలా ఉన్నారండీ? లోపం ఎంచుకున్న పద్ధతిలో ఉంది.

కడుపు మాడ్చుకోవడం సంగతి భగవానుడికి మనందరికంటే బాగా తెలుసు. బోధికి ముందు ఆయన చేసిందదే. తిండి తగ్గించి తగ్గించి చివరికి దోసెడు పెసరకట్టో ఉలవకట్టో తాగి గడిపిన రోజులున్నాయి. పొట్ట తడిమితే వెన్నుపూస చేతికి తగిలేదని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఆ దారిలో ఏమీ దొరకదని తెలుసుకుని మళ్ళీ అన్నం తిన్నాడు. కూడా ఉన్న ఐదుగురూ భోగాల్లో పడ్డాడని విడిచి వెళ్ళిపోయినా తిన్నాడు. అందుకే ఎదురుగా రొప్పుతూ కూర్చున్న రాజుకి ఆయన ఉపవాసం చెప్పలేదు. అన్నం మానమనలేదు, ఇది పథ్యం, ఇది అపథ్యం అని జాబితా ఇవ్వలేదు. రాజు తిండిపోతుతనాన్ని నలుగురిలో ఎగతాళి చేయలేదు. ఒక చిన్న గాథ చెప్పాడంతే. ఎరుక తప్పకుండా తన మాత్ర తాను తెలుసుకుని తినేవాడికి ఒంటి బాధలు పలచబడతాయనీ, ముసలితనం మెల్లగా వస్తుందనీ దాని సారం. మాత్ర అంటే ఇక్కడ మందు బిళ్ళ కాదు, తగినంత అని. భోజనంలో మాత్ర తెలియడం అన్నది భిక్షువులకి ఆయన పదే పదే నేర్పిన పాఠం.

గాథ విని తల ఊపి ఇంటికెళ్ళిపోతే పసేనది కూడా మనలాగే మూడోరోజుకి మర్చిపోయేవాడు. ఆ సంగతి ఆయనకే తెలుసు. ఇక్కడే ఆయన తెలివి. వెనకాల సుదస్సనుడనే కుర్రవాడు నిలబడి ఉన్నాడు. అట్ఠకథ ప్రకారం రాజుకి మేనల్లుడు. ఆ గాథ భగవానుడి దగ్గర నేర్చుకో, నేను భోంచేసేటప్పుడల్లా చదువు, రోజుకి నూరు కహాపణాలు ఇస్తానని రాజు ఆ కుర్రవాడితో ఒప్పందం చేసుకున్నాడు. తనని తాను నమ్ముకోలేదు. గుర్తు చేసే మనిషిని జీతమిచ్చి పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి వివరం సుత్తంలో లేదు, అట్ఠకథలో ఉంది. నాకు అన్నిటికంటే నచ్చేది అదే. గాథ ఎప్పుడు చదవాలో కూడా భగవానుడు కుర్రవాడికి నేర్పాడు. మొదటి ముద్దప్పుడు వద్దు, మధ్యలో వద్దు, ఆఖరి ముద్ద నోటి దగ్గరికి వెళ్ళేటప్పుడు చదవమన్నాడు. రాజు విని ఆ ముద్ద వదిలేస్తాడు. వదిలేసిన ముద్దలో ఎన్ని మెతుకులున్నాయో చూసి, మర్నాడు కొలతలో అన్ని బియ్యపుగింజలు తగ్గించి వండించమన్నాడు.

దీన్ని కాస్త నిదానంగా చూడండి. మొదటి ముద్ద దగ్గర ఆకలి మీద ఉంటాం. అప్పుడు ఎవరేం చెప్పినా చెవికెక్కదు, పైగా కోపం వస్తుంది. ఆఖరి ముద్ద దగ్గర ఆకలి తీరిపోయి ఉంటుంది. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ కదులుతూ ఉంటుంది. ఆ చెయ్యిని ఆపడానికి పెద్ద యుద్ధం అక్కర్లేదు, ఒక మాట చాలు. రాజు వదులుకున్నది పళ్ళెం కాదు, ఒక్క ముద్ద. ఒక్క ముద్ద తక్కువ తిన్నామని ఒంటికి తెలియనే తెలియదు. తెలియదు కాబట్టి ఎదురుతిరగదు.

అన్నం పారేయడం మహాపాపం కదా అని మీలో పెద్దవాళ్ళు అనుకుంటూ ఉంటారు. విస్తట్లో మెతుకు మిగలనివ్వని ఇళ్ళల్లో పెరిగాం, ఆ పెంపకాన్ని తప్పుపట్టలేం. అందుకే ఆ రెండో భాగం ఉంది. ఈరోజు మిగిలిన ముద్ద రేపు అసలు వండరు. మార్పు పళ్ళెం దగ్గర మొదలై వంటింట్లో బియ్యం కొలిచే డబ్బా దగ్గర నిలుస్తుంది. మనం పూట పూటా మనసుతో పోట్లాడి అలిసిపోతాం. అక్కడ మర్నాటికి పోట్లాటే ఉండదు, ఎదురుగా వచ్చేదే తక్కువ. సారిపుత్త థేరుడు కూడా ఇలాంటిదే చెప్పాడు, ఇంకో నాలుగైదు ముద్దలు పడతాయనగా ఆపి నీళ్ళు తాగితే చాలని. కడుపు నిండిన కబురు తలకి చేరడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుందని ఇప్పుడు డాక్టర్లు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది.

మీ ఇంట్లో దీన్ని ఎలా చేయొచ్చు? సుదస్సనుడి పని ఎవరికో ఒకరికి అప్పజెప్పండి. అడగకుండా ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు గానీ అది సణుగుడు అవుతుంది. మళ్ళీ అన్నమా, మళ్ళీ వేపుడా అని భోజనం మొదట్లోనే అంటే తినేవాడు పంతానికి ఇంకో గరిటె వేయించుకుంటాడు. సుదస్సనుడు తిట్టలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. తినేవాడే కోరిన మాటని, కోరిన సమయంలో, ఒక్కసారి చెప్పాడు. అంతకంటే ఎక్కువ చెప్పకూడదు. చివరి ముద్ద పక్కన పెట్టగలిగితే, మర్నాడు బియ్యం గిన్నెలోంచి ఒక చారెడు తీసేయండి. వారం పదిరోజులు అక్కడే ఉండండి. ఒళ్ళు అలవాటు పడ్డాక ఇంకో చారెడు. పెళ్ళికెళ్ళి ఎక్కువ తిన్నారా, తిన్నారు. మర్నాడు పస్తుండకండి, మామూలు కొలతకి వచ్చేయండి. షుగరుకి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు మాత్రం తిండి తగ్గించే ముందు డాక్టరుకి చెప్పాలి, మందు మోతాదు మార్చాల్సి రావచ్చు. చెప్పకపోతే షుగరు పడిపోయే ప్రమాదముంది.

పసేనదికి ఎన్నాళ్ళు పట్టిందో సుత్తం చెప్పలేదు. క్రమక్రమంగా అన్న మాటే వాడింది. దిగి దిగి నాళి బియ్యపు అన్నం దగ్గర నిలబడ్డాడు. కుంచం నుంచి సోలకి అన్నమాట. ఒకనాడు తేలికపడిన తన ఒంటిని తానే చేత్తో నిమురుకుంటూ సంతోషం పట్టలేకపోయాడు. ఈ లోకపు మేలూ పై లోకపు మేలూ రెండూ భగవానుడు తన మీద దయతో చూపించాడని పైకే అనుకున్నాడు. బరువు తగ్గినవాళ్ళు అద్దం ముందు నిలబడి మురిసిపోవడం చూస్తాం, ఇదీ అలాంటిదే. ధమ్మపదం అట్ఠకథలో ఇంకొంచెం ఉంది. పరిగెత్తే లేడినీ గుర్రాన్నీ వెంటాడి పట్టుకునేంత చురుకు వచ్చిందని భగవానుడికి చెప్పుకున్నాడట.

ఆ సంబరంలోనే ఇంకో కబురూ చెప్పాడు, అజాతశత్రువుతో సంధి కుదిరిందని. తండ్రి బింబిసారుణ్ణి అజాతశత్రువు చంపించాడు. ఆ దిగులుతో పసేనది తోబుట్టువు కూడా పోయింది. ఆవిడ స్నానపు ఖర్చుకని ఇచ్చిన కాశీ ఊరిని పసేనది వెనక్కి లాక్కున్నాడు. దాని మీద యుద్ధాలు. మొదట ఓడిపోయాడు. తర్వాత గెలిచి అజాతశత్రువుని ప్రాణాలతో పట్టుకున్నాడు. ఏనుగుల్నీ గుర్రాల్నీ రథాల్నీ తీసుకుని, తోబుట్టువు కొడుకు కదా అని మనిషిని వదిలేశాడు. చివరికి కూతురు వజిరనిచ్చి పెళ్ళి చేసి, ఆ ఊరే కట్నంగా ఇచ్చాడు.

తన పళ్ళెం సర్దుకున్న రాజుకి ఇతరుల పళ్ళెం మాత్రం ఓ పట్టాన అర్థం కాలేదు. భిక్షువులకి రోజూ రాజభవనంలో గొప్ప భోజనం ఏర్పాటు చేశాడు. భిక్షువులు ఆ అన్నం తీసుకునేవారు గానీ అక్కడ కూర్చుని తినేవారు కాదు. తెలిసిన ఉపాసకుల ఇళ్ళకి పట్టుకెళ్ళి తినేవారు. రాజు చిన్నబుచ్చుకుని కారణం అడిగాడు. ఆదరంగా దగ్గరుండి పెట్టేవాళ్ళు అక్కడ లేరని తేలింది. దగ్గరితనం కావాలంటే చుట్టరికం కలుపుకోవాలనుకుని శాక్యుల పిల్లని అడిగాడు. వాళ్ళు దాసికి పుట్టిన వాసభఖత్తియని రాజకుమార్తె అని చెప్పి పంపారు. ఆమె కొడుకే విడూడభుడు.

బంధులుణ్ణి గుర్తుపెట్టుకోమన్నాను. తక్కసిల స్నేహితుడు, తర్వాత కోసలకి సేనాపతి. లంచగొండి న్యాయాధికారులు చెప్పిన తీర్పుని బంధులుడు సరిచేశాడు. కడుపుమండిన వాళ్ళు రాజ్యం కాజేయడానికి చూస్తున్నాడని రాజు చెవిన వేశారు. రాజు నమ్మాడు. సరిహద్దులో అలజడి అణచమని అతన్నీ అతని 32 మంది కొడుకుల్నీ పంపి, తిరిగొచ్చే దారిలో చంపించాడు. నిర్దోషులని తర్వాత తెలిసింది. అన్నం దగ్గర మాత్ర తెలుసుకున్న మనిషి అనుమానం దగ్గర తెలుసుకోలేకపోయాడు. పళ్ళెం దగ్గర సుదస్సనుడున్నాడు, దర్బారులో ఆ పని ఎవరికీ అప్పజెప్పలేదు. పశ్చాత్తాపంతో కుమిలిపోయి, బంధులుడి మేనల్లుడు దీఘకారాయణుడికి సేనాపతి పదవి ఇచ్చాడు. అతను మేనమామని మర్చిపోలేదు.

మల్లిక అప్పటికి లేదు. 80 ఏళ్ళ వయసులో పసేనది శాక్యుల మేదళుంప అనే ఊళ్ళో భగవానుడున్నాడని విని బయల్దేరాడు. రథం వెళ్ళినంత దూరం వెళ్ళి, దిగి, మిగతా దారి నడిచాడు. కత్తీ తలపాగా కారాయణుడి చేతికిచ్చి ఒంటరిగా గుడిసె తలుపు దగ్గరికి వెళ్ళాడు. లోపల భగవానుడి పాదాల మీద తల పెట్టి, ముద్దుపెట్టుకుని, చేతులతో నిమిరాడు. ఎందుకింత గౌరవమని ఆయన అడిగితే చాలా కారణాలు చెప్పాడు. వాటిలో ఒకటి మన విషయానికి సంబంధించినదే. వేరే చోట్ల చిక్కి శల్యమై, ఒళ్ళు పాలిపోయి, నరాలు తేలిన తపసుల్ని చూశాననీ, ఇక్కడి భిక్షువులు దొరికినదానితో సరిపెట్టుకుంటూ తేటగా, హాయిగా కనిపిస్తారనీ అన్నాడు. ఇద్దరం కోసల దేశంవాళ్ళం, ఇద్దరం క్షత్రియులం, ఇద్దరికీ 80 ఏళ్ళు అని కూడా గుర్తుచేసుకున్నాడు.

బయటికొచ్చేసరికి కారాయణుడు లేడు. రాజచిహ్నాలు పట్టుకెళ్ళి విడూడభుడికి పట్టం కట్టాడు. వదిలిపెట్టినవి ఒక గుర్రం, ఒక దాసి. అల్లుడి సాయం అడుగుదామని పసేనది రాజగృహానికి వెళ్ళాడు. చేరేసరికి పొద్దుపోయింది, కోట తలుపులు మూసేశారు. ఊరి బయట ఒక శాలలో పడుకున్నాడు. ఎండకీ గాలికీ అలిసిన ముసలి ఒళ్ళు, ఆ రాత్రే ప్రాణం పోయింది. తెల్లారి దాసి ఏడుపు విని జనం వచ్చారు. అజాతశత్రువు వచ్చి రాజలాంఛనాలతో దహనం చేయించాడు.